బండి కింద ఆయిల్ మరక

మా ఊరు రాజపాళయం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మా నాయన నూలు మిల్లులో పని చేస్తారు. రాత్రి షిఫ్టుకు సైకిల్ తొక్కలేక, పోయిన దీపావళికి ముందు తనతో పనిచేసే ఒక మామ దగ్గర 100 సీసీ పాత బండి కొన్నారు. ధర 18,000 రూపాయలు. అందులో అమ్మ చీటీ డబ్బు కూడా ఉంది.

వారం తిరగకముందే బండి నిలిపిన చోట నల్లటి మరక కనబడింది. "తెలిసే అంటగట్టినాడు" అని నాయన ఆ మామతో మాట మానేశారు. ఆదివారాలు మా ఇంటికి వచ్చి నాకు లెక్కలు చెప్పే మామ రావడం మానేశారు. నాకు అదే ఎక్కువ బాధ.

ఆయిల్ ఇంజిన్ కింది బోల్టు నుండి చుక్కలు పడుతున్నది. ఆ బోల్టే కారణమని నేను స్పానర్‌తో గట్టిగా బిగించాను. మర్నాడు మళ్ళీ మరక! మా వీధి మెకానిక్ అన్నతో చెబితే కోప్పడినారు. "అది అల్యూమినియం రా, మర పోతే ఇంజిన్‌కే ఖర్చు. ఆయిల్ పైన కారి కిందికి జారుతుంది. చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు" అన్నారు.

ఆయన చెప్పినట్టే ఇంజిన్‌ను కిరోసిన్‌తో కడిగి, తుడిచి, ఆరబెట్టి, అమ్మ ముఖానికి వేసుకునే పౌడరు చల్లాను. అమ్మ తిట్టింది. అన్న బండిని కొంతదూరం నడిపి తెచ్చారు. బోల్టు పైభాగమంతా తెల్లగానే ఉంది. గేరు కడ్డీ బయటికి వచ్చే చోట మాత్రం పౌడరు తడిసి, అక్కడి నుండి సన్నటి నల్లగీత కిందికి దిగింది.

గేరు పెడల్, చైన్ పక్క మూత విప్పాము. కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు సీలు ఎండి గట్టిపడింది. అన్న దాన్ని కడ్డీకి గీత పడకుండా నెమ్మదిగా తీశారు. కడ్డీ పళ్ళు కొత్త సీలును కోయకుండా వాటి మీద టేపు చుట్టి, సీలు అంచుకు ఆయిల్ రాసి, నేరుగా లోపలికి నొక్కారు. తగ్గిన ఆయిల్ పోసి కొలత చూశాము. సీలు ఖరీదు 40 రూపాయలు. అన్న కూలి తీసుకోలేదు.

"చాన్నాళ్ళు ఓడించకుండా నిలిపి ఉంచితే సీలు ఇట్లా ఎండుతుంది" అన్నారు అన్న. నాకు అప్పుడు గుర్తొచ్చింది. మామ కాలు విరిగి ఆరు నెలలు ఇంట్లోనే ఉన్నారు. బండి కూడా అన్నాళ్ళూ కదలలేదు. అమ్మేటప్పుడు కారడం లేదు కాబట్టి ఆయనకూ తెలియదు.

రాత్రి నాయనకు పాత సీలు చూపించి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు దాన్ని వేళ్ళతో వంచి చూశారు. "మిల్లులో నూలు మీద ఆయిల్ మరక పడితే, ఏ మెషీనుదో వెతికిన తరువాతే పనివాణ్ణి అడుగుతాం. ఇక్కడ నేను ముందే మనిషిని తప్పు పట్టినాను" అన్నారు. సీలును చొక్కా జేబులో వేసుకుని, అప్పుడే మామ ఇంటికి బయలుదేరారు.

ఆదివారం మామ వచ్చారు. లెక్కలు మొదలుపెట్టే ముందు బండి కింద వంగి చూశారు. నేల పొడిగా ఉంది.