ఇటలీ సంగటి

మా పుంగనూరు, మదనపల్లె వైపు జనానికి సిటీ అంటే తిరుపతి కాదు, బెంగళూరు. టమోటాలు పోయేదీ అక్కడికే, కొడుకులు పోయేదీ అక్కడికే. కాబట్టి మా నాయన ఇందిరానగర్లో ఇటాలియన్ భోజనం చెయ్యడం మరీ వింతేం కాదు. ఆయనకి అది నచ్చడమే వింత.

పాప పుట్టినరోజని అమ్మానాయనా ఊర్నించి వచ్చారు. హోటలు పాపే ఎంచింది. ఆరంటే ఆరు టేబుళ్ళు. నాకూ మా ఆవిడకీ ఆ రాత్రి ఇంకో పని కూడా ఉంది. పొలం కౌలుకిచ్చేసి ఇక్కడికి వచ్చెయ్యమని మెల్లిగా కదపాలి. 2023 నించీ నానుతున్న వ్యవహారం ఇది. ఆ జూలైలో మదనపల్లెలో టమోటా కిలో 150 దాటింది, గుర్తుందా? (మన ఆఫీసు గ్రూపుల్లో జోకులన్నీ దానిమీదే.) ఆ రేటు చూసి నాయన ఎకరంన్నర నాటాడు. ఆయన తోట కోతకొచ్చేసరికి సెప్టెంబరు, కిలో పదికి అటూ ఇటూ. కోత కూలి, బాడుగ పోను ఏమీ మిగలక చివరి కాయలు గొర్రెలకి వదిలేశాడు.

సరే, భోజనం సంగతి. పాపకి పిజ్జా, మాకు పాస్తా. నాయన ముందుకి పొలెంటా అనే పదార్థం వచ్చింది. మొక్కజొన్న రవ్వ ముద్దగా ఉడికించి, పైన పుట్టగొడుగుల కూర వేస్తారు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా పక్కన పడేసి, పోయి చేతులు కడుక్కొచ్చాడు. "అబ్బోడా, ఇది సంగటి గదరా!" అంటూ చిన్న ముద్ద చేసి, కూరలో అద్ది, నమలకుండా మింగడం మొదలెట్టాడు. పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నారు. చూడనీ! అమ్మకి ఒకటే బెంగ, రవంత ఊరిబిండి ఉంటే బాగుండేదని.

నాయనది ఉత్త మాట కాదు. అమెరికా నించి మొక్కజొన్న రాకముందు ఇటలీ పేద జనం పొలెంటాని చిరుధాన్యాలతో కూడా వండుకునేవాళ్ళు, అందులో కొర్రలూ ఉండేవి. కొర్రల శాస్త్రీయ నామమే సెటారియా ఇటాలికా. ఇక టమోటా అంటారా, అదీ అమెరికా సరుకే. ఇటలీకీ కొత్త, మనకీ కొత్త.

వంటాయన పలకరించడానికి బయటికొస్తే నాయన తనకొచ్చిన కన్నడంలో అడిగాడు, ఈ టమోటాలు ఎక్కడివని. సలాడ్‌కీ, రొట్టె మీద ముక్కలకీ మదనపల్లె కాయలేనట. సాస్‌కి మాత్రం ఇటలీ డబ్బాలు. "మీ కాయల్లో నీళ్ళు ఎక్కువ సార్, పులుపూ ఎక్కువే. పైగా రోజుకో రేటు" అన్నాడాయన. "మాకూ అంతే గదప్పా" అని నాయన నవ్వాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను నీళ్ళ గ్లాసు వైపు చూశాను.

కారెక్కాక ఇటలీ రైతుల గురించి అడిగాడు. అక్కడ ఫ్యాక్టరీకి వేసే టమోటాకి ప్రతి ఏడూ రైతు సంఘాలూ, ఫ్యాక్టరీలూ కూర్చుని రేటు మాట్లాడుకుంటాయి. కాయలో చక్కెర శాతాన్ని బట్టి ఆ రేటు పెరగొచ్చు, తగ్గొచ్చు. నాకు తెలిసినంతలో అది చెప్పాను. అక్కడ మాత్రం అంతా బాగుందని కాదు, టమోటా కోసే వలస కూలీల బతుకులు చాలా ఘోరం. నాయన అదంతా విని ఒక్కటే అడిగాడు.

"అంటే సీజనుకి ముందే కూర్చుని రేటు మాట్లాడుకుంటారా?"

మనం ఆఫర్ లెటర్ చూడకుండా ఉద్యోగంలో చేరతామా? ఈయన నలభై ఏళ్ళుగా అలాగే చేరుతున్నాడు. ఫ్యాక్టరీలు పెడితే చాలనుకుంటారేమో, అదీ కాదు. మా జిల్లానిండా మామిడి పల్పు ఫ్యాక్టరీలే. అయినా 2025లో తోతాపురి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన 8 రూపాయల మీద ప్రభుత్వం కిలోకి ఇంకో 4 కలపాల్సి వచ్చింది. ఆ 8 కూడా ఫ్యాక్టరీలు ఇవ్వట్లేదని రైతులు గొడవపడ్డారు.

సిల్క్ బోర్డు సిగ్నల్ దాటేదాకా (అంటే ఎంతసేపో మీకు చెప్పక్కర్లేదు :)) నాయన మళ్ళీ మాట్లాడలేదు. మేమూ కౌలు మాట ఎత్తలేదు.

పోయిన వారం ఫోన్ చేశాడు. ఈసారి టమోటా అరెకరమే, మిగతాదంతా రాగి అంట. "అమ్ముడు పోకపోతే సంగటి చేసుకుని తినొచ్చు" అన్నాడు. కౌలు సంగతి అడగమని పక్కనించి మా ఆవిడ సైగ చేస్తోంది. పంట వచ్చాక అడుగుదాంలే అన్నాను.