ఉత్తరాలకూ లాకులు కావాలి

మొన్న కార్తీకంలో మా బాబాయిని చూడడానికి కోనసీమలోని కొత్తపేట వెళ్ళాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళ పైన లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. వాళ్ళింట్లో ప్రతి కాయితానికీ ఒక చోటుంటుంది. శిస్తు రసీదులు ఒక తీగకి, కరెంటు బిల్లులు మరో తీగకి గుచ్చి ఉంటాయి. బ్యాంకు పుస్తకాలు బీరువా పై అరలో, పిల్లల సర్టిఫికెట్లు కింది అరలో. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసింది తగులుతుంది. అలాంటి మనిషి ఆరోగ్య బీమా పాలసీ రద్దయిపోయింది.

"ఒరేయ్, డబ్బు కట్టమని ఒక్క ముక్కయినా చెప్పలేదురా వాళ్ళు. చెబితే కట్టకుండా ఉంటానా?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే చిన్నబుచ్చుకోవడం ఎక్కువ వినిపించింది.

ఫోను తీసుకుని వెతికాను. చెప్పారు. మూడుసార్లు చెప్పారు. గడువుకి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటాక ఇచ్చే ముప్ఫై రోజుల వెసులుబాటులో మరోసారి మెయిలు వచ్చింది. దానికి పైన చొక్కాల తగ్గింపు ధరలు, కింద విమానం టిక్కెట్లు, ఆ కింద అప్పులిస్తామనేవాళ్ళు, స్థలాలు అమ్ముతామనేవాళ్ళు. చదవకుండా మిగిలిన మెయిళ్ళు నాలుగు వేలు దాటాయి. ఆ నాలుగు వేలలో మూడు మునిగిపోయాయి. పాత పాలసీతో పాటు, చక్కెర జబ్బుకి బీమా వర్తించడానికి ఆయన గడిపేసిన నిరీక్షణ కాలం కూడా పోయింది. కొత్త పాలసీలో మళ్ళీ మొదటి నుంచి లెక్క.

ఆ ఈ-మెయిలు చిరునామా తెరిచి ఇచ్చింది నేనే. ఆరేళ్ళ కిందట ఇదే అరుగు మీద కూర్చుని పేరు, పుట్టినరోజు, పాస్‌వర్డు అన్నీ నింపి, "బాబాయ్, ఇకనుంచి మీ ఉత్తరాలన్నీ ఇందులోకే వస్తాయి" అని ఫోను ఆయన చేతిలో పెట్టి బస్సెక్కాను. వచ్చిన ఉత్తరాలను వేరు చేసుకోవడం ఎలాగో చెప్పలేదు. జీవితమంతా కాయితాలను వేరు చేసి దాచుకున్న మనిషికి, వేరు చేసే వీలు ఇందులోనూ ఉందని చెప్పకపోవడం నా తప్పే.

ఉత్తరాలను వేరుచేయడం మనకు కొత్త విద్య కాదు. కొత్తపేట అనే పేరే తీసుకోండి. హైదరాబాదులో ఒక కొత్తపేట ఉంది, గుంటూరులో ఉంది, విజయవాడలో ఉంది. వట్టి "కొత్తపేట" అని రాసి పోస్టు డబ్బాలో వేస్తే ఆ ఉత్తరం ఏ ఊరు చేరాలి? దేశమంతటా ఇదే చిక్కు. ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో, చిరునామా రాసే భాషలు ఎన్నో. అందుకే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ అధికారి, సంస్కృత కవి కూడా. ఆరంకెల్లో మొదటిది ప్రాంతం చెబుతుంది. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. మొదటి మూడూ కలిస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా. చివరి మూడు ఇంటికి అందించే పోస్టాఫీసు. అమలాపురానికి 533201, రాజోలుకి 533242, మా బాబాయి గారి కొత్తపేటకి 533223. తెలుగు అక్షరం రాని సార్టరు కూడా ఆ అంకె చూసి ఉత్తరాన్ని సరైన గడిలో వేయగలడు.

ఈ-మెయిలుకి మనం రాసుకునే నియమం ఆ సార్టరు చేసే పనే చేస్తుంది. జీమెయిల్‌లో దాన్ని ఫిల్టర్ అంటారు, అవుట్‌లుక్‌లో రూల్ అంటారు. "ఈ చిరునామా నుంచి వస్తే, విషయంలో ఈ మాట ఉంటే, ఈ గడిలో వెయ్యి" అని ఒక్కసారి చెబితే చాలు. తర్వాత మనం నిద్రపోతున్నా ఆ పని జరుగుతూనే ఉంటుంది. ఈ ఆలోచన నిన్నటిది కాదు. ఉత్తరాల్లో అక్కర్లేనివి కూడా చాలా ముందే మొదలయ్యాయి. 1978 మే 3న ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి ఒకే ప్రకటనను దాదాపు నాలుగు వందల మందికి పంపాడు. ఇవాళ మనం స్పామ్ అనే దానికి అదే మొదలని చెబుతారు. 1987లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో థామస్ మలోన్ బృందం, మనిషి రాసిన నియమాలతో మెయిళ్ళను వేరుచేసే ఏర్పాటు ఒకటి చేసి చూపింది. 2001లో ఇలాంటి నియమాలు రాయడానికే ఒక చిన్న భాషకు ప్రమాణం ఏర్పడింది. దాని పేరు సీవ్. అంటే జల్లెడ.

ఆ సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టాను. జీమెయిల్‌లో ఫిల్టర్లు ఫోను యాప్ నుంచి రాయడం కుదరదు, కంప్యూటర్‌లో బ్రౌజరు తెరవాలి. ఫోను ఒక్కటే ఉన్న మన పెద్దవాళ్ళ చేతికి ఈ సదుపాయం అందకపోవడానికి అదొక కారణం. బీమా కంపెనీ మెయిలు తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, "ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్" అన్నదాన్ని ఎంచుకున్నాం. ఆ చిరునామా దానంతటదే గడిలో పడింది. నక్షత్రం పెట్టు, "ముఖ్యం" అనే లేబుల్ అతికించు అని చెప్పాం. బ్యాంకునీ పింఛను కార్యాలయాన్నీ అదే లేబుల్ కిందికి తెచ్చాం. డాలస్‌లో ఉన్న కూతురికి, బెంగళూరులో ఉన్న కొడుక్కి "ఇంటివాళ్ళు" అని ఒకటి. కరెంటు, గ్యాసు, ఫోను బిల్లులకి "రసీదులు". ఆ తీగకి ఈ తీగ.

ప్రకటనల దగ్గరే ఆగి ఆలోచించవలసి వచ్చింది. ప్రచారపు మెయిళ్ళలో చివర ఎక్కడో "అన్‌సబ్‌స్క్రైబ్" అనే మాట ఉంటుంది. ఆ మాట ఉన్నవన్నీ ఇన్‌బాక్సులోకి రాకుండా "సంత" అనే లేబుల్ కిందికి పొమ్మన్నాం. వందల మెయిళ్ళు ఒక్కసారిగా కదిలిపోయాయి. బాబాయి ముఖం విప్పారింది. అంతలోనే ఆయనే పట్టుకున్నారు.

"ఒరే, బీమా వాళ్ళ కాయితం కూడా సంతలోకి పోయిందేంట్రా?"

నిజమే. ఆ కంపెనీ మెయిలు అడుగునా ఆ మాటే ఉంది. జీమెయిల్‌లో ఒక మెయిలుకి ఎన్ని ఫిల్టర్లు సరిపోతే అన్నీ పనిచేస్తాయి. నక్షత్రం పడింది, లేబుల్ పడింది, ఇన్‌బాక్సు నుంచి కూడా వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, సంత నియమంలో బీమా, బ్యాంకు, పింఛను చిరునామాలను మినహాయించాం. అవుట్‌లుక్‌లో అయితే నియమాలకు వరుస ఉంటుంది. ముఖ్యమైనదాన్ని పైన పెట్టి, ఇది సరిపోతే తక్కిన నియమాలు చూడవద్దని చెప్పవచ్చు. లెక్కల మాస్టారు వెంటనే, "మినహాయింపు రాయని సూత్రం సూత్రమే కాదురా" అన్నారు. ఆ మాట నేను రాసి పెట్టుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఆయనకు పిన్‌కోడ్‌తోనే అర్థమైంది. మెయిలు మీద పైకి కనిపించే పేరు నమ్మదగ్గది కాదు. ఎవరైనా తన పేరు స్థానంలో బ్యాంకు పేరు రాసుకోవచ్చు, కొత్తపేట అనే పేరు ఏ ఊరికైనా ఉండవచ్చన్నట్టే. చూడవలసింది ఎట్ గుర్తు తర్వాత వచ్చే భాగం. 1971లో రే టామ్లిన్సన్ ఆ గుర్తును ఎంచుకున్నది, ఎవరికి అన్న మాటనూ ఏ యంత్రానికి అన్న మాటనూ విడదీయడానికే. నియమాన్ని ఆ చిరునామా మీదే రాయాలి. అయినా మోసగాడు దాన్ని కూడా అనుకరించే ప్రయత్నం చేస్తాడు కాబట్టి, "ముఖ్యం" అని లేబుల్ పడినంత మాత్రాన లోపలి లింకు నొక్కకూడదు. లేబుల్ ఉత్తరాన్ని కంటిముందుకి తెస్తుంది. నిజమో కాదో చూసుకోవలసింది మనమే.

తిరిగి వస్తూ కాలువ గట్టు వెంట నడిచాను. మన కోనసీమ ఎలా నిలబడిందో తలచుకుంటే ఈ చిన్న పని విలువ తెలుస్తుంది. గోదావరిలో నీటికి ఏనాడూ కొదవ లేదు. అయినా ఒకప్పుడు ఇక్కడ ఒక ఏడు వరద ముంచితే మరో ఏడు కరువు ఎండగట్టేది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఆనకట్టతో ఆగిపోయి ఉంటే మన చేలు పండేవి కావు. కాలువలు తవ్వారు, లాకులు కట్టారు, తూములు పెట్టారు. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు కట్టారు. కింద నది తన దారిన సముద్రానికి పోతుంటుంది, పైన కాలువ రాజోలు సీమకు కావలసిన నీటిని మోసుకుపోతుంది. ప్రవాహాన్ని ఆపకుండానే, అవసరమైన నీటిని అవసరమైన చోటికి దాటించారు. మెయిలుకి రాసే మంచి నియమం కూడా ఇంతే. ప్రకటనలన్నీ రావద్దంటే ఆగవు. వాటి మీదుగా మనకు కావలసిన ఉత్తరం మన చేతికి దాటి రావాలి.

చేలకు నీరు తెచ్చే కాలువ ఎంత అవసరమో, నీరు తీసే డ్రెయిను కూడా అంతే అవసరమని కోనసీమ రైతుకి ఒకరు చెప్పనక్కర్లేదు. డ్రెయిను పూడితే కోతకొచ్చిన వరి నీళ్ళలో నానుతుంది. అందుకే "సంత" లేబుల్‌తో సరిపెట్టుకోకూడదు. ఎన్నడూ చూడని దుకాణాల ప్రకటనలు అసలు రాకుండా చేయాలి. పెద్ద సంఖ్యలో ప్రచారపు మెయిళ్ళు పంపే సంస్థలు ఒక్క నొక్కుతో మానుకునే వీలు తప్పక ఇవ్వాలని జీమెయిల్, యాహూ 2024లో షరతు పెట్టాయి. ఆ వీలు వాడుకోవాలి. నియమాలతో నేరుగా తుడిచేయడం మాత్రం వద్దు. తుడిచినవి ముప్ఫై రోజుల్లో శాశ్వతంగా పోతాయి, పొరపాటున పోయిన ఉత్తరం మళ్ళీ దొరకదు. పక్కన పెడితే ఆదివారం నాడు ఒకసారి చూసుకోవచ్చు.

కాలువలు ఏటా వేసవిలో కట్టేస్తారు. అప్పుడు పూడిక తీస్తారు, గుర్రపుడెక్క తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. నియమాలకూ ఏడాదికోసారి ఆ పని కావాలి. బ్యాంకు చిరునామా మారుతుంది, బీమా కంపెనీ మారుతుంది, కూతురు ఉద్యోగం మారుతుంది. ఫిల్టర్ల పట్టీ తెరిచి చూసినప్పుడు మనం రాయని నియమం ఒక్కటి కనిపించినా వెంటనే పాస్‌వర్డు మార్చాలి. ఖాతాలోకి చొరబడిన మోసగాళ్ళు మెయిళ్ళను తమకు పంపించుకోవడానికీ, బ్యాంకు హెచ్చరికలు మన కంటపడకుండా దాచడానికీ ఇలాంటి నియమాలే రాసిపెడతారు. మన కాలువకి ఇంకొకరు దొంగ తూము పెట్టినట్టు.

రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళున్నాయి. అమలాపురం చుట్టుపక్కల అమెరికా పిల్లల తల్లిదండ్రులున్నారు. వీసా కాయితమైనా, ఆసుపత్రి రిపోర్టయినా, పన్ను నోటీసయినా ఇప్పుడు వచ్చేది ఆ ఇన్‌బాక్సులోకే. ఆ పెట్టెలు తెరిచి ఇచ్చింది చాలా ఇళ్ళల్లో మనమే, పిల్లలమే. పెట్టె తెరిచి ఇచ్చి ఊరుకోవడం కాలువ తవ్వి లాకు కట్టకుండా వదిలేయడం లాంటిది.

సంక్రాంతికి అందరూ ఊరొస్తారు. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ప్రభలూ చూద్దాం. ఆ మర్నాడు ఒక గంట అమ్మానాన్నల పక్కన కూర్చోండి. వాళ్ళకి ఏ ఉత్తరం ముఖ్యమో వాళ్ళనే అడగండి. నాలుగు నియమాలు వాళ్ళ చేతనే రాయించండి. తిరుగు బస్సు ఎక్కే ముందు ఆ పని పూర్తిచేసి వెళ్ళండి.