వెనక సీటు హిసాబ్

మా బాన్సువాడ పోరగాళ్లకు ఈ మధ్య ఒక షౌఖ్ పట్టుకుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనాలి, స్ప్రింగులు మార్చి దాన్ని నేలకు దించాలి, ఆ తర్వాత వెనక టైర్లు చౌడా చేయాలి. చౌరస్తాలో బండి ఆగితే జనం ముందు నుంచి కాదు, వెనక నుంచి చూడాలన్నది వాళ్ల అర్మాన్.

షౌఖ్‌ను నేను తప్పు పట్టను. అబ్బా తరం సైకిల్ హ్యాండిల్‌కు రంగురంగుల కుచ్చులు కట్టుకుని తిరిగింది. ఎడారి ఎండలో కష్టపడి నాలుగు పైసలు వెనకేసుకున్న పిల్లాడు తన బండిని ముస్తాబు చేసుకుంటే గునాహ్ ఏముంది? కాకపోతే ముస్తాబుకు కూడా ఒక హిసాబ్ ఉంటుంది. అది మా ఆపా కొడుకు కారు దగ్గర నాకు తెలిసొచ్చింది.

భాంజా నాలుగేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చి, హైదరాబాద్‌లో ఒక పాత పోలో జీటీ కొన్నాడు. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది కాబట్టి పిల్లల్లో దాని మీద మొహబ్బత్ ఇంకా పెరిగింది. వాళ్ల లెక్కలో అదే స్పోర్ట్స్ కార్. ముందు బండిని 35 మిల్లీమీటర్లు దించాడు. తర్వాత వెనక రెండు చక్రాలకు వెడల్పాటి రిమ్ములు, వెడల్పాటి టైర్లు వేయించాడు. ఇంటి ముందు ఆపి, "మామూ, పీఛే సే దేఖో, షేర్ కే జైసీ బైఠీ!" అన్నాడు. నిజంగానే షేర్‌లాగే కూర్చుంది.

వెనక టైర్లు వెడల్పుగా ఉండటం పెద్ద కార్ల సంప్రదాయమే. పోర్షే 911కు ఇంజిన్ వెనకే ఉంటుంది, చాలా మోడళ్లలో బలమంతా వెనక చక్రాల మీదే పడుతుంది. ఆ బలాన్ని రోడ్డుకు అందించాలంటే అక్కడ రబ్బరు ఎక్కువ కావాలి. బీఎండబ్ల్యూ కూడా కొన్ని మోడళ్లకు వెనక టైర్లు వెడల్పుగా వేసే పంపిస్తుంది. పోలో సంగతి వేరు. దాన్ని లాగేవి ముందు చక్రాలు, తిప్పేవీ అవే, ఇంజిన్ బరువు మోసేవీ అవే. వెనకవి ఊరికే వెంట వస్తాయి. అలాంటి బండికి వెనక మాత్రమే పట్టు పెంచితే, మలుపులో ముందు భాగం తిరగకుండా నేరుగా పోవాలని చూస్తుంది. అంటే చౌడా టైరు అక్కడ సూరత్ కోసమే, సీరత్ కోసం కాదు.

ఇక కొలతల మాట. టైరు పక్కన 185/60 ఆర్15 అని ఉంటే 185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం పక్క గోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము అని అర్థం. భాంజా వేయించింది 205/55 ఆర్15. హిసాబ్ వేస్తే పాత చక్రం ఎత్తు 603 మిల్లీమీటర్లు, కొత్తది 606.5. ఎత్తులో పెద్ద ఫరక్ లేదు. గడ్‌బడ్ అంతా వెడల్పులోనే. 20 మిల్లీమీటర్లు పెరిగితే పది లోపలికి, పది బయటికి పోతాయి. దాని మీద రిమ్ము ఆఫ్‌సెట్ ఒకటి. రిమ్ము నడిమధ్య గీతకూ, అది బండికి బిగిసే చోటుకూ ఉన్న దూరమే ఆఫ్‌సెట్. ఆ నంబరు తగ్గే కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. పాత రిమ్ముది 40, కొత్తదానిది 25. అంటే ఇంకో పదిహేను బయటికి. మొత్తం 25 మిల్లీమీటర్లు, బొటనవేలు వెడల్పు ఉంటుందేమో. టైరు భుజం సరిగ్గా మడ్‌గార్డ్ అంచు కిందికి వచ్చి నిలబడింది.

దుకాణంలో బండి ఖాళీగా ఉంది. టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య వేలు పెట్టి చూశారు, దూరింది, అంతే. ఖాళీ కారులో అన్నీ సరిపోతాయి.

ఆపాకు మోకాళ్ల తక్లీఫ్. రెండు వారాలకోసారి నిజామాబాద్‌లో డాక్టర్‌కు చూపించాలి. దించిన కారులోకి దిగి కూర్చోవడమే ఆమెకు కష్టం, లేవడం ఇంకా కష్టం. అయినా బేటా గాడీ అని ముచ్చటగా ఎక్కేది. ఆమె, దుల్హే భాయ్, చిన్న కోడలు వెనక కూర్చుంటే, వర్ని రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా వెనక నుంచి గర్‌ర్‌మని ఆవాజ్. కొన్నాళ్లకు ఆపా బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. అడిగితే ఏదో బహానా చెప్పింది. చివరికి ఒకరోజు మెల్లగా నన్నే అడిగింది: "మేరే వజన్ సేచ్ ఆరీ క్యా వో ఆవాజ్?"

తన బరువు వల్లే కొడుకు కారు పాడవుతుందని ఆ తల్లి అనుకుంది.

ఊళ్లో ఒక పాత మిస్త్రీ ఉన్నారు, మేమంతా ఉస్తాద్ అంటాం. ఆయన దగ్గరికి బండి తీసుకెళ్లాం. ఆయన ముందు టేప్ తీయలేదు. మమ్మల్ని ముగ్గురిని వెనక ఎక్కమన్నారు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేశారు. మడ్‌గార్డ్ అంచు లోపల సుద్దముక్కతో గీశారు. సందు చివరి స్పీడ్ బ్రేకర్ దాకా పోయి రమ్మన్నారు. వచ్చి చూస్తే సుద్ద తుడిచిపెట్టుకుపోయింది, టైరు భుజం మీద తెల్లటి గీత పడింది. ఈ బండికి వెనక చక్రం పైకి లేచినప్పుడు లోపలికి ఒరగదు, దాదాపు నిటారుగా లేస్తుందని, అందుకే తగులుతోందని చెప్పారు. మడ్‌గార్డ్ అంచు రబ్బరును కోస్తూ పోతే, ఏదో ఒక రోజు వేగంలో టైరు పగలొచ్చన్నారు.

భాంజా ఏమీ మాట్లాడలేదు. అంచు లోపలికి మడిచేద్దామా అని ఒక్కసారి అడిగాడు. "మడిస్తే టైరుకు జాగా వస్తుంది, మీ అమ్మీ మోకాళ్లకు రాదు కదా బేటా" అన్నారు ఉస్తాద్. వారం తిరిగేలోగా పాత రిమ్ములు, పాత టైర్లు, కంపెనీ స్ప్రింగులు తిరిగి బండికి ఎక్కాయి.

కానూన్ మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సవరించిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా రెండూ పడొచ్చు. టైరు మార్చాలనుకుంటే కంపెనీ ఆ మోడల్‌కు ఒప్పుకున్న సైజుల్లోనే చూసుకోండి. అంతకు మించి పోవాలంటే ముందు ఆర్‌టీఓనూ, బీమా వాళ్లనూ అడగండి.

షౌఖ్ మానమని నేను చెప్పను. రిమ్ము డిజైన్ ఎంచుకునే ముందు ఒక్క సవాల్ వేసుకోండి: వెనక సీట్లో కూర్చునేది ఎవరు? అమ్మీని, అబ్బాను, పిల్లలను దుకాణానికి వెంట తీసుకెళ్లండి. వాళ్లను ఎక్కించాకే టేప్ తీయమనండి. ముందుంది పెళ్లిళ్ల సీజన్. దూల్హా కారు వెనక సీట్లోకి ఎంతమంది ఎక్కుతారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.