తిట్టిన సూది, మొక్కిన సూది

ఇటిక్యాల వైపు పల్లెల నుంచి నడుము నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్లను కదిలిస్తే రెండు సూదుల కథ బయటికొస్తుంది. ఒకటి కాన్పు ఆపరేషన్‌కు ముందు వెన్నులో ఇచ్చిన మత్తు సూది. దాన్ని బతికినంతకాలం తిడతారు. రెండోది ఊళ్లో ఆర్‌ఎంపీ పిర్రకు వేసే సూది. దానికి చేతులెత్తి మొక్కుతారు. తిట్లు తినే సూది పాపం ఏమీ ఎరగదు. హాని చేసేది మొక్కులందుకునేదే!

సీడు పత్తి క్రాసింగులకు పోయే ఒక అమ్మాయిని అత్త వెంటబెట్టుకొచ్చింది. రెండో కాన్పయి ఏడో నెల. కోడలిని నోరెత్తనివ్వకుండా అత్తే మొదలుపెట్టింది: "కడుపు కోసేటప్పుడు నడుములకు సూదిచ్చిండ్రు సారూ, గదే పట్టుకున్నది."

"నొప్పి ఎక్కడమ్మా? ఒక్క వేలు పెట్టి చూపించు" అని కోడలిని అడిగాను. వేలు మత్తు సూది పడిన చోటికి పోలేదు. దానికి బెత్తెడు కింద, కుడి పక్కన, పిర్ర మొదట్లో చిన్న సొట్ట ఉంటుందే, అక్కడ ఆగింది. కాసేపాగి మళ్లీ అడిగాను. మళ్లీ అక్కడే. పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా, ఆటో ఎక్కనీకె కాలెత్తాలన్నా పాణం పోతదంది.

వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి, రెండు తుంటి ఎముకల నడుమ, గొడ్డలి కామలోకి దిగ్గొట్టిన చెక్కముక్కలా బిగుసుకుని ఉంటుంది. అటూ ఇటూ ఉండే ఆ అతుకులే త్రిక కీళ్లు. పై ఒంటి బరువంతా వాటి మీదుగానే కాళ్లకు దిగుతుంది. అవి కదిలేది మహా అయితే రెండు మూడు డిగ్రీలు. నెలలు నిండేకొద్దీ బిడ్డకు దారి ఇవ్వడానికి హార్మోన్లు అక్కడి కట్లను సడలిస్తాయి. కాన్పయ్యాక అవి మళ్లీ బిగుసుకోవడానికి సమయం పడుతుంది. ఆ సమయం ఈ పిల్లకు ఎవరిచ్చారు? సాయంత్రం మొగ్గలు గిల్లడం, తెల్లారి మగపూలు రుద్దడం, సాళ్లలో గంటల తరబడి వంగి నడవడం. ఇంటికొస్తే బిడ్డ ఎప్పుడూ ఒకే చంకన.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు కోతలే. వాటిలో ఎక్కువ వెన్నుకు మత్తిచ్చి చేసేవే. అంటే సగం మందికి పైగా తల్లుల దగ్గర నేరం మోపడానికి ఒక సూది సిద్ధంగా ఉందన్నమాట. ఆ సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలపడం నిజమే, ఏళ్ల తరబడి నొప్పికి మాత్రం అది కారణం కాదు. అన్ని కోతలు అవసరమా అని అడగండి, మీతో పాటు నేనూ అడుగుతాను. మత్తు సూదిని మాత్రం వదిలేయండి.

ఇంతకూ అత్తగారు అప్పటికే తన వైద్యం చేయించి తెచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత కోడలి నడుము మీద మూడుసార్లు తన్నించిందట. సడలిన కీలు మీద తన్ను! కోపం ఆపుకుని, నడుం కిందుగా తుంటికి కట్టుకునే బెల్టు, పిర్రల కండరాలకు నాలుగు వ్యాయామాలు, కొన్నాళ్ల గోళీలు రాశాను. "సూది ఎయ్యవా?" అంది అత్త, నేనేదో దాచుకున్నట్టు చూస్తూ.

కాస్త డబ్బున్నవాళ్లు తుంగభద్ర దాటి కర్నూలు పోయి ఎంఆర్‌ఐ తీయించుకొస్తారు. నడుముకు తీస్తే డిస్కు కనిపిస్తుంది, కనిపించకుండా ఎక్కడికి పోతుంది? నొప్పే ఎరగని ఇరవయ్యేళ్లవాళ్లకు తీసినా నూటికి ముప్పై మందికి డిస్కు ఉబ్బు ఉంటుంది. వైద్యానికీ ఫ్యాషన్లున్నాయి లెండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నడుము నొప్పికి ముందు ఈ త్రిక కీలునే అనుమానించేవారు. 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు జారిన డిస్కు నరాన్ని నొక్కుతుందని నిరూపించాక, అందరూ డిస్కు వెంట పడి కీలును మరిచిపోయారు. ఫిల్ముకు వేలుండదు. నొప్పి ఎక్కడో అది చూపించలేదు.

ఇంకొకాయన గొర్లకాపరి. ఒకపక్క పిర్రలో నొప్పి, పొద్దుగూకితే జ్వరం, అర్ధరాత్రి గోచి తడిసేంత చెమట. ఈతలప్పుడు, గొర్రెలు ఈసుకుపోయినప్పుడు పిల్లల్ని ఒట్టి చేతులతోనే లాగేవాడు. బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి మంద నుంచి మనిషికొచ్చి ఈ కీలులో కాపురం పెడుతుంది. ఆయనకూ ముందు పడింది స్టెరాయిడ్ సూదే, క్రిములకు స్వాగతం పలికినట్టు. కనీసం ఆరు వారాలు వాడాల్సిన డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ గోళీలు రెండో వారానికే ఆపేశాడు. "జరం పోయింది గద సారూ!" మళ్లీ మొదటి నుంచి. ఈసారి గోళీలు ఆయన భార్య చేతికిచ్చాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఒక కుర్రవాడు. ఇరవై నాలుగేళ్లు, ట్రాక్టరు నడుపుతాడు. మూడేళ్లుగా నొప్పి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే వాకిట్లో తిరుగుతాడు. తిరిగితే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. పొద్దున లేచాక గంటసేపు నడుము కట్టెలా ఉంటుంది. బరువెత్తి పట్టిన నడుము పడుకుంటే తగ్గాలి. పడుకుంటే పెరిగే నడుము వేరే జబ్బు చెబుతుంది. కిందటేడు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక చుక్కల మందు వేసుకున్నాడు. ఆ కన్నూ ఈ నడుమూ ఒకే జబ్బని ఎవరూ కలిపి చూడలేదు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఒంటి రక్షణ వ్యవస్థే త్రిక కీళ్ల మీద తిరగబడుతుంది. వదిలేస్తే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని మనిషి వంగిపోతాడు.

మూడేళ్లూ అతనికి దొరికింది ఆర్‌ఎంపీ సూదే: డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్. సాయంత్రానికి నొప్పి మాయం. ఆకలి పుట్టింది, ముఖం నిండింది. "పిలగాడు ఒళ్లు చేసిండు" అని ఇంట్లో సంబరం. అది బలం కాదు, వాపు. ఆ స్టెరాయిడ్ సూది తరచూ పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కొందరికి తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చిపోతుంది. అప్పుడు తుంటి నొప్పి మొదలవుతుంది. దానికీ అదే సూది.

ఆర్‌ఎంపీని తిట్టి ఊరుకుంటే నాకూ సుఖమే. కానీ రాత్రి రెండింటికి తలుపు తడితే లేచేది అతనే. బాకీ పెట్టుకునేదీ అతనే. నా కోపమల్లా నొప్పి ఎక్కడో వేలు పెట్టించకుండా సిరంజి నింపడం మీద. స్టెరాయిడ్‌ను కూడా నేను పాపిని చేయను. మొండి నొప్పికి, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుని, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సరిగ్గా ఆ కీలులోకే వేసే సూది ఒకటుంది. పిర్రకు పొడిచే సూదికీ దానికీ చుట్టరికం పేరులోనే.

కుర్రవాడికి పొట్టకు పడే నొప్పి గోళీ రోజూ వేసుకోమన్నాను. పొద్దున వ్యాయామం తప్పనిసరి, బీడీలు బంద్. వీటికి లొంగకపోతే క్షయ లేదని చూసుకుని ఖరీదైన బయోలాజికల్ సూదులు మొదలుపెట్టాలని చెప్పాను. వాళ్ల నాయన ధర అడిగి నీళ్లు నమిలాడు. మూడేళ్లు సూది సూది అని తిరిగిన ఇల్లు, నిజంగా పనికొచ్చే సూది పేరు చెబితే వెనక్కి తగ్గింది. తగ్గక ఏం చేస్తుంది, ఏడాది పంట లెక్క అది.

అదృష్టం బాగుంది, గోళీలకే లొంగాడు. ఇప్పుడు రాత్రంతా నిద్రపోతున్నాడు. మొన్న బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కు తీర్చుకుని అటునుంచటే వచ్చారు తండ్రీ కొడుకులు. తండ్రి మంచి హుషారుగా ఉన్నాడు. "మా ఊరాయన ఆఖరుకేసిన సూది జర ఆలిసెంగ పట్టినట్టుంది సారూ!"

పట్టిందనే అనుకోమన్నాను. గోళీలు ఆపితే ఊరుకోనని, రెండు నెలలకోసారి రక్తపరీక్షకు రావాలని కొడుకుతో చెప్పి చీటీ రాసిచ్చాను.