ఎల్గందుల గోడపై రెండు లిపులు

వరంగల్లులో నివసించే మనకు కోట అనగానే ఖిలా వరంగల్ తోరణాలే కనులలో మెదలుతాయి. కాని తెలంగాణ నేలలో పేరు మాసిన కోటలు ఎన్నో కలవు. వాటిలో ఒకదానినైనా చూపాలనే కోరికతో ఒక శీతాకాలపు ఉదయాన మేము పదిహేనుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని కరీంనగర్ బస్సెక్కాము. ఆ పట్టణానికి సుమారు పది కిలోమీటర్ల దూరాన, మానేరు తీరాన, ఎల్గందుల దుర్గం నిలిచి ఉన్నది.

కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు ఒకరి తరువాత ఒకరు ఈ కొండను ఏలారు. ఊరికి సమీపాన జఫరుద్దౌలా 1754లో నిర్మింపజేసిన జంట మినార్లు నేటికీ యాత్రికులను ఆకర్షిస్తున్నాయి. ఒకప్పుడు ఎల్గందుల జిల్లా కేంద్రం. 1905లో ఆ హోదా కరీంనగర్‌కు తరలిపోయింది. కచేరీలు వెళ్లాయి, వాటి వెంట జనమూ వెళ్లారు. కోట మాత్రం ఉన్నచోటనే మిగిలింది.

మెట్లెక్కుతుండగా ఒక విద్యార్థి, "సార్, అసలు ఈ కోట హిందువులదా, ముస్లిములదా?" అని అడిగాడు. ముస్లిములమై తెలుగు బోధించే మాకు ఇటువంటి ప్రశ్న కొత్త కాదు. "కొండపై గుడీ ఉన్నది, మసీదూ ఉన్నది. రెండూ చూచి నీవే చెప్పు" అన్నాము.

దిగి వచ్చునప్పటికి మా విద్యార్థులే ఇద్దరు మేకుతో గోడపై తమ పేర్లు చెక్కుతున్నారు. ఒకని పేరు తెలుగులో, మరొకని పేరు ఉర్దూలో. మేకలు కాచుకొనే వృద్ధుడొకడు అది చూచి, "సారూ, రాజులు పోయి ఎన్నేండ్లాయె. గోడ కూలితే ఆళ్లు రారు. వానొస్తే నేనూ నా మేకలూ దీని కిందనే నిలబడ్తం" అన్నాడు.

మేము సిగ్గుతో తలవంచుకున్నాము. తప్పు పిల్లలది మాత్రమే కాదు. దారి పొడవునా రాజవంశాలను, సంవత్సరాలను వల్లింపజేశామే గాని, పాతగోడ పట్ల ఎట్లా మెలగాలో ఒక్కమాటైనా చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో వారికి జపాను సంగతి చెప్పాము. 1873లో అక్కడి మెయిజీ ప్రభుత్వం చాలా కోటలను అనవసరమని ఎంచి వదలివేసింది. మత్సుయె అనే పట్టణంలో 1875లో కొయ్యతో కట్టిన కోట ప్రధాన సౌధాన్ని అమ్మి కూల్చబోగా, స్థానికులు కొందరు సొమ్ము సమకూర్చి కాపాడుకున్నారు. పూర్వకాలపు నిర్మాణాలుగా ఆ దేశంలో నేడు మిగిలిన 12 ప్రధాన సౌధాలలో అది ఒకటి. వారు కట్టినది కాదు, వారి తాతలు ఏలినదీ కాదు. అయినా తమ ఊరిదని తలచారు.

ఇంతవరకు విని, ఉదయం ప్రశ్న వేసిన విద్యార్థి మళ్లీ నోరెత్తలేదు.

కళాశాల సంఘం వారికి మా విన్నపం ఒక్కటే. ఏటా ఒక కోటకు, జఫర్‌గఢ్‌కో, మొలంగూరుకో, రామగిరికో, విద్యార్థులను పంపాలి. సగం దినం చూచుటకు, సగం దినం ముళ్లపొదలు తొలగించి శుభ్రపరచుటకు కేటాయించాలి. ఎల్గందుల గోడపై ఆ రెండు పేర్లు చెరగలేదు. మరొక పేరు వాటి పక్కన చేరకుండా చూచుట మన వంతు.