మార్స్ పూజారులు, గవర్నర్‌పేట తాతయ్య

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో లెంటన్ అని ఒక పేట. అమ్మకి క్వీన్స్ మెడికల్ సెంటర్‌లో ఉద్యోగం రావడంతో నా ఏడో ఏట మేం అక్కడికి చేరాం. గోడకు గోడ ఆనుకున్న ఎర్ర ఇటుకల ఇళ్ళు, వాటిలో సగం యూనివర్సిటీ కుర్రాళ్ళవి. కాలవ దాటి అటు వెళితే గోదాములూ షెడ్లూ. ఆ షెడ్ల మధ్య విల్లో రోడ్డు మీద వార్‌హామర్ ఆట బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం, దానితో కలిసి వార్‌హామర్ వరల్డ్ అనే సందర్శన కేంద్రం ఉన్నాయి. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఏడాదంతా డబ్బు కూడబెట్టుకుని, విమానమెక్కి వచ్చి, గుమ్మం ముందున్న, ఆ ఆటలోని స్పేస్ మెరైన్ అనే సైనికుడి విగ్రహం పక్కన ఫొటో దిగి వెళ్ళేవాళ్ళు. మేం బడి వదిలాక నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ అదృష్టం విలువ అప్పట్లో మాకేం తెలుసు!

తెలియని వాళ్ళకి రెండు మాటలు. వార్‌హామర్ అంటే బల్ల మీద ఆడే యుద్ధం. బొటనవేలంత సైనికులు ప్లాస్టిక్ చట్రాల్లో ముక్కలుగా వస్తారు. మనమే కత్తిరించి, అతికించి, రంగులేసుకోవాలి. ఆ తర్వాత పెద్ద బల్ల మీద నిలబెట్టి, టేపుతో అంగుళాలు కొలుస్తూ నడిపించి, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేల్చుకోవాలి. రిక్ ప్రీస్ట్‌లీ 1987లో రాసిన పుస్తకంతో 'వార్‌హామర్ 40,000' మొదలైంది. ఇప్పటికి ముప్పై ఎనిమిది వేల ఏళ్ళ తర్వాతి కథ. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఇలాంటి బొమ్మల కంపెనీలు చాలా ఉన్నాయి. పూర్వం సీసం కలిసిన లోహంతో పోత పోసేవాళ్ళు కాబట్టి ఆ ప్రాంతానికి 'లెడ్ బెల్ట్' అని ముద్దుపేరు కూడా పడింది.

2015లో నాకు పన్నెండేళ్ళు. ఆ ఏప్రిల్‌లో అడెప్టస్ మెకానికస్ సైన్యం బయటికొచ్చింది. అంగారక గ్రహాన్ని ఏలే యంత్ర పూజారులు వీళ్ళు. తొలి పుస్తకం నుంచీ కథలో ఉన్నారు, వాళ్ళ మహా యంత్రాలతో 1988లో వేరే ఆట కూడా వచ్చింది. కానీ వాళ్ళ కాల్బలాన్ని ప్లాస్టిక్‌లో తీసుకొచ్చి బల్లెక్కించడానికి అన్నేళ్ళు పట్టింది. ముందు స్కిటారీ సైనికుల పుస్తకం, వెనకాలే పూజారుల పుస్తకం. ఎర్రటి అంగీ, దాని కింద ఇనప కాళ్ళు. ముఖాన గొట్టాలు, వీపున యాంటెన్నా. పళ్ళచక్రం మధ్యలో సగం మనిషిదీ సగం యంత్రానిదీ అయిన పుర్రె వాళ్ళ గుర్తు. వాళ్ళ దేవుడి పేరు ఆమ్నిసయా. క్లాసులో అందరూ స్పేస్ మెరైన్లు కొంటుంటే నేను వీళ్ళ మీద మనసు పడ్డాను. నాన్న డబ్బా వెనక ధర చూసి, అలవాటు ప్రకారం రూపాయల్లోకి మార్చి, మళ్ళీ దాన్ని అరమీద పెట్టబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

ఆ వేసవిలోనే తాతయ్య వచ్చాడు. ఆయన బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లేత్ షాపులో కుర్రాడిగా చేరి, తర్వాత ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టి, బటాలా నుంచి తెప్పించిన లేత్ మీద ముప్పై ఏళ్ళపైన పని చేసిన మనిషి. రిటైరయ్యాక షెడ్డు అద్దెకిచ్చేశాడు గానీ లేత్ అమ్మలేదు. ఆయనకి నాటింగ్‌హామ్ అంటే ఒకటే గుర్తు: రాలీ సైకిల్. హ్యాండిల్ కింద కొంగ తల బొమ్మ, ఈ ఊరి పేరు ఉన్న బిళ్ళని ఆయన కుర్రతనంలో గుడ్డతో తుడిచి మెరిపించేవాడట. ఫ్యాక్టరీ ఎక్కడుందో చూపించరా అన్నాడు. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే. 2002లోనే ఇక్కడ సైకిళ్ళు చెయ్యడం ఆగిపోయింది. ఆ స్థలంలో యూనివర్సిటీ వాళ్ళ జూబిలీ క్యాంపస్ ఉంది, చెరువుతో, బాతులతో. తాతయ్య చెరువు గట్టున కాసేపు నిలబడి, "ప్లేటింగ్ షాపు ఎటువైపు ఉండేదో" అన్నాడు. నేను బాతుల్ని చూస్తున్నాను.

నా గదిలో బల్ల మీద పది మంది స్కిటారీలు అప్పటికి సగం రంగులో ఉన్నారు. తాతయ్య కళ్ళజోడు ముక్కు మీదికి దించి ఒకణ్ణి ఎత్తి చూశాడు. మొదట అడిగింది కథ గురించి కాదు. "ఈ గీత ఏంట్రా?" అన్నాడు. అచ్చు రెండు భాగాలూ కలిసే చోట ప్లాస్టిక్ మీద సన్నటి గట్టు పడుతుంది. దాన్ని గీకెయ్యాలని నాకూ తెలుసు, బద్ధకం. "అచ్చు గీత తీయకుండా రంగేస్తే ఆ గీత కూడా రంగేసుకుని కూచుంటుంది." నా దగ్గరున్న సన్న ఆకురాయి తీసుకుని, ముందుకు మాత్రమే తోస్తూ, వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తి, నాలుగు తోపుల్లో తుపాకీ గొట్టం నున్నగా చేసి చేతిలో పెట్టాడు. ఆకురాయిని ముందుకీ వెనక్కీ రుద్దకూడదని నాకు ఆ రోజే తెలిసింది. ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రంగులు వెయ్యడానికి ఒక వరస ఉంది. ముందు నల్ల స్ప్రే. పెరట్లో, వాన లేని రోజు చూసుకుని కొట్టాలి, గాల్లో చెమ్మ ఉంటే పూత గరగరలాడుతుంది. నాటింగ్‌హామ్‌లో అలాంటి రోజు దొరకడం మన చేతిలో లేదు. అంగీకి మెఫిస్టన్ రెడ్, ఇనుముకి లెడ్‌బెల్చర్. ఆ పైన అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ అనే పల్చటి గోధుమరంగు నీళ్ళు పోస్తే అవే మూలల్లోకి దిగి నీడలు పుట్టిస్తాయి. చివర్లో తుప్పు. మురికికి టైఫస్ కొరోజన్, దాని మీద నారింజ రంగు రైజా రస్ట్ పొడికుంచెతో అద్దడం. తుప్పంటే నాకు పిచ్చి. తుపాకులకీ, మోకాళ్ళకీ, పళ్ళచక్రాలకీ, కనిపించిన ప్రతిదానికీ పట్టించేసేవాణ్ణి.

తాతయ్యకి అది నచ్చలేదు. "వీళ్ళు మెషీన్లకి పూజ చేసేవాళ్ళని కదా అన్నావు? మరి ఈ తుప్పేంటి? చెయ్యి పడే చోట తుప్పు పట్టదురా. హ్యాండిల్ చూడు, అరిగి మెరుస్తుంటుంది. నీళ్ళు నిలిచే చోట పడుతుంది, బోల్టు చుట్టూ, అడుగున. గేరు దగ్గర తుప్పుండదు, ఆయిలుంటుంది. ఆయిలుకి దుమ్ము అంటుకుని నల్లటి మడ్డి అవుతుంది."

ఆ రోజు నుంచి నా పూత మారిపోయింది. పిడి దగ్గర మెరుపు, కీళ్ళ దగ్గర నల్లటి జిడ్డు, పాదాల దగ్గర మాత్రం తుప్పు. ఓనజర్ డ్యూన్‌క్రాలర్ అని కాళ్ళతో నడిచే ట్యాంకు ఒకటి ఉంది. దాని ఒక్కో కీలు దగ్గర నూనె ఎటు కారుతుందో తాతయ్య వేలితో చూపిస్తే నేను కుంచెతో గీసేవాణ్ణి. ఆ బండిని చూసి పెద్దవాళ్ళు కూడా ఎలా వేశావని అడిగేవాళ్ళు. ఇప్పుడు చూసినా నా సైన్యంలో కళ్ళకి ఆనేది అదొక్కటే.

దసరా వచ్చింది. హాల్లో పీట వేసి, అమ్మ స్టెతస్కోపు, నాన్న లాప్‌టాప్, వంటింటి మిక్సీ, పెరట్లో గడ్డి కోసే మెషీను అన్నిటికీ తాతయ్య గంధం, కుంకుమ పెట్టాడు. కారు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే పక్కింటి పోలిష్ ఆవిడ తన కారు కింద కూడా రెండు పెట్టమంది. నేను డ్యూన్‌క్రాలర్ తెచ్చి పీట మీద పెట్టాను. ఇంతకంటే తగిన సందర్భం ఏముంటుంది! తాతయ్య దాన్ని పక్కకి తీసేశాడు. "ఇది బొమ్మ. దీన్ని చేసినవి తే." నా కటింగ్ ప్లయర్, ఆకురాయి, కుంచెలు తెచ్చాను. ప్లయర్ కీలు మీద ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, తెరిచి మూసి, గుడ్డతో తుడిచి, అప్పుడు బొట్టు పెట్టాడు.

నాకు కోపం వచ్చిన మాట నిజమే. దాంతో యంత్ర పూజారుల కథంతా ఆయనకి చెప్పాను. మనుషులు ఒకప్పుడు అన్నీ కనిపెట్టారనీ, తర్వాత చీకటి రోజులొచ్చి ఆ జ్ఞానం పోయిందనీ, మిగిలిన ముక్కల్ని ఈ పూజారులు కాపాడుకొస్తున్నారనీ. యంత్రంలో ఆత్మ ఉంటుందని వాళ్ళు నమ్ముతారు. స్విచ్చి నొక్కే ముందు మంత్రం, నూనె పోసే ముందు ధూపం. కొత్తది కనిపెట్టడం మహాపాపం. ఈ కథలో వెటకారం ఉందని, రాసినవాళ్ళు ఆ పూజారుల్ని చూసి నవ్వుతున్నారని అప్పుడు నాకు తెలీదు. తాతయ్య మధ్యలో ఒక్క ప్రశ్న వేశాడు: "మెషీను చెడిపోతే విప్పి చూస్తారా?" విప్పడమంటే చాలామటుకు తప్పే అని చెప్పాను. "మరి వాళ్ళది పూజేంట్రా! తెలియనివాడు దణ్ణం పెడితే బతిమాలుకున్నట్టు. నేను ఏడాదికోసారి బొట్టు పెడతా. మిగతా రోజులన్నీ విప్పుతూనే ఉంటా."

సైన్యంలో ఆయన మెచ్చుకున్నవి కాస్టెలాన్ రోబోలు. గుండ్రటి భుజాల పెద్ద రోబోలు, వాటి వెనక డేటాస్మిత్ అని ఒక పూజారి ఉంటాడు. మీదపడి కొట్టాలా, కాల్చాలా, కాచుకోవాలా అన్నది వాడు మార్చగలిగేవాడు గానీ, అప్పటి రూలు ప్రకారం ఈ వంతులో మారిస్తే వచ్చే వంతులో గానీ అమల్లోకి వచ్చేది కాదు. ఈ ఆలస్యం వల్ల నేను ఓడిపోతూ ఉండేవాణ్ణి. తాతయ్యకి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. "తిరుగుతున్న లేత్‌కి గేరు మారుస్తావా? ఆపాలి, మార్చాలి, మళ్ళీ నడపాలి. ఈ రూలు రాసినవాడెవడో పని తెలిసినవాడు."

శనివారాలు ఒక కమ్యూనిటీ హాల్లో ఆడేవాళ్ళం. నాతోపాటు తాతయ్య కూడా వచ్చి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని పక్కన కూచునేవాడు. ఒకసారి నాకు ప్రత్యర్థిగా అరవై దాటిన ఇంగ్లీషు ఆయన వచ్చాడు. పచ్చ రాక్షసుల్లాంటి ఆర్కులు ఆయన సైన్యం. ఆర్కుల బళ్ళు పని చేసేది, అవి పని చేస్తాయని వాళ్ళంతా గట్టిగా నమ్మడం వల్లేనని ఆ కథల్లో ఒక మాట ఉంది. అది తెలుగులో చెప్పేసరికి తాతయ్య నెత్తి కొట్టుకున్నాడు. "వీళ్ళది పూజ, వాళ్ళది నమ్మకం. మెకానిక్ అన్నవాడు ఒక్కడూ లేడా ఈ ఆటలో?" నాకు నవ్వొచ్చింది. ఏమైందని ఆ ఇంగ్లీషాయన అడిగాడు. చెప్పాను. తను రాలీలో మిషన్ షాపులో పని చేశానన్నాడు.

ఇక నా పని అయిపోయింది. తాతయ్య ఇంగ్లీషు వర్క్‌షాపు ఇంగ్లీషు, క్రియాపదాలు తక్కువ, కొలతలు ఎక్కువ. కానీ ఆ పెద్దాయనకి అదే చాలింది. పెడల్ కాడలని కలిపే ఇరుసు తిరిగే చోట ఉండే బీబీ కప్పుకి మామూలుగా ఇంగ్లీషు సైకిళ్ళలో అంగుళానికి 24 త్రెడ్లు. పాత రాలీల్లో చాలావాటికి మాత్రం 26. గవర్నర్‌పేట షాపుకి ఎవరైనా రాలీ తెస్తే ఆ కప్పు బజార్లో దొరక్క, లేత్ మీద 26 త్రెడ్లు కోసి ఇచ్చింది తాతయ్యేనట. నా సైన్యం జాబితా రాసుకున్న కాయితం లాక్కుని, వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో గీశాడు. ఆ పెద్దాయన పెన్సిల్ తీసుకుని త్రెడ్డు మొన దగ్గర ఏదో సరిదిద్దాడు. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ వేళ్ళు చూపించుకుంటూ వాదించుకున్నారు. నా రోబోలు కాల్పుల ఆజ్ఞ అందుకుని, శత్రువు వంతు కోసం చూస్తూ అలాగే నిలబడ్డాయి.

హాలు మూసే వేళయింది. ఆట తేలలేదు. దారిలో తాతయ్య నన్ను ఒక్కటే అడిగాడు, వచ్చే శనివారం కూడా ఆట ఉందా అని. స్కూలు పరీక్షలు, రాలేనన్నాను. కుదరదన్నాడు. ఆ మనిషి ఇంట్లో పాత 26 ట్యాపు ఉందట, తెచ్చి చూపిస్తానన్నాడట, కాబట్టి పరీక్ష సంగతి అమ్మతో తాను మాట్లాడతానన్నాడు.