కోరికకి పూచీకత్తు

“కథంతా మంచం చుట్టూనే తిరుగుతుందేమిటి?” లారెల్ కె. హామిల్టన్ నవల ‘ఎ కిస్ ఆఫ్ షాడోస్’ చదివినవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఈ ప్రశ్న ఎక్కడో ఒకచోట వినబడుతుంది. నచ్చనివాళ్ళు మొదటి మాటగానే అడుగుతారు. నచ్చినవాళ్ళు “ఆ మంచం సంగతి పక్కనపెడితే” అంటూ మొదలుపెడతారు. పక్కన పెట్టాల్సిన అవసరం మనకెందుకు వస్తోందన్నది నన్ను కొంతకాలంగా వదలని ప్రశ్న.

2000లో అమెరికాలో అచ్చయిన ఈ నవలని అర్బన్ ఫాంటసీ అంటారు. మాయలూ మంత్రాలూ ఏ కోటలోనో కీకారణ్యంలోనో కాకుండా ఇవాళ్టి నగరంలో, కార్లూ ఫోన్లూ పోలీస్ స్టేషన్ల మధ్య జరిగే కథ అన్నమాట. ఇందులో మనుషులతో పాటు ఫేరీలు ఉంటారు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో రెక్కలతో ఎగిరే చిట్టి దేవకన్యలు కాదు వీళ్ళు. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో జనం భయంతోనూ భక్తితోనూ తలుచుకున్న జాతి. పేరు పెట్టి పిలిస్తే కోపం వస్తుందని వాళ్ళని “మంచివాళ్ళు” అనేవారట, మన ఊళ్ళలో మశూచిని “అమ్మవారు” అన్నట్టు. హామిల్టన్ ఊహలో, యూరప్ నుంచి వెళ్ళగొట్టబడిన ఈ జాతికి అధ్యక్షుడు జెఫర్సన్ అమెరికాలో చోటిచ్చాడు. సెయింట్ లూయిస్ దగ్గర మట్టిదిబ్బల కింద వాళ్ళ దర్బారులున్నాయి. ఎవరైనా తమని దేవుళ్ళుగా కొలవనిస్తే మాత్రం దేశం విడిచిపోవాలన్నది షరతు.

కథానాయిక మెరెడిత్ ఆ దర్బారు రాకుమారి. మనిషి రక్తం కలిసినది, పొట్టి మనిషి, చావు ఉన్న మనిషి. చావే లేని అందగాళ్ళ మధ్య ఆమెకెప్పుడూ చిన్నచూపే. ప్రాణభయంతో పారిపోయి, లాస్ ఏంజిలిస్‌లో మెరీ జెంట్రీ అన్న పేరుతో ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో ఉద్యోగం చేస్తూ మూడేళ్ళు దాక్కుంటుంది. మేనత్త ఆండైస్ ఆ దర్బారుకి రాణి, క్రూరురాలు. ఆమె మెరీని వెనక్కి రప్పించి ఒక పందెం పెడుతుంది. తన కొడుకు, మేనకోడలు, ఇద్దరిలో ఎవరికి ముందు బిడ్డ కలిగితే వాళ్ళకే సింహాసనం. ఫేరీల్లో పిల్లలు పుట్టడం మానేసి చాలాకాలమైంది మరి. రాణి అంగరక్షకులు శతాబ్దాలుగా ఆమె ఆజ్ఞతో బ్రహ్మచర్యంలో మగ్గుతున్న యోధులు. వాళ్ళలోంచి తనకి నచ్చినవాళ్ళని ఎంచుకునే హక్కు మెరీకి వస్తుంది. అక్కణ్ణించి కథ మంచం దగ్గరికి వెళ్ళిన మాట నిజమే.

మేం అయిదుగురం ఆడవాళ్ళం నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కూచుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ముగ్గురం కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్ళం, ఒకామె కథలు రాస్తుంది, ఒకామె బ్యాంకులో పనిచేస్తుంది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి “మేడమ్, మీరు ఇది చదివి ఏమంటారో వినాలని ఉంది” అంటూ ఈ నవల ఇచ్చి వెళ్తే, మా ఆదివారానికి పెట్టాం. ఆ అమ్మాయి దీన్ని పరిశోధనకి తీసుకుంటానంటే, ఆమె చదివే చోట పెద్దలు “కాస్త గంభీరమైన విషయం చూసుకోమ్మా” అన్నారట.

ఆ రోజు గమనించిన మొదటి సంగతి, అభిప్రాయం చెప్పే ముందు ప్రతి ఒక్కరూ ఒక కారణం చెప్పారు. ఒకామె జానపద విశ్వాసాలు తెలుస్తాయని చదివిందట. ఒకామె డిటెక్టివ్ కథ అనుకుని మొదలుపెట్టిందట. మొదలుపెట్టాక ఆపడం అలవాటు లేక పూర్తి చేశానంది బ్యాంకావిడ. ఎవరూ అడగలేదు, అయినా చెప్పారు. జానిస్ రాడ్వే 1984లో వచ్చిన తన ‘రీడింగ్ ది రొమాన్స్’లో అమెరికా మధ్య ప్రాంతంలోని ఒక ఊళ్ళో ప్రేమ నవలలు చదివే గృహిణులతో మాట్లాడింది. చదివే ఆ కాసేపు ఇంటిల్లిపాదికీ అందకుండా తమకోసం తాము దాచుకున్న సమయమని వాళ్ళు చెప్పారు. దాంతోపాటు ఈ పుస్తకాల వల్ల దూరదేశాల గురించీ పాతకాలాల గురించీ విషయాలు తెలుస్తాయనీ చెప్పుకున్నారు. సుఖం కోసం చదివామంటే సరిపోదు, దానికో ప్రయోజనం చూపించాలి. ఆడవాళ్ళ సుఖానికి ఎప్పుడూ ఒక పూచీకత్తు కావాలి.

ఇక అభిప్రాయాలు. కథలు రాసే స్నేహితురాలికి వర్ణనలు విసుగనిపించాయి. “ఎవడొచ్చినా జుట్టు మోకాళ్ళదాకా. కళ్ళల్లో మూడేసి రంగులు. జుట్టు రంగు, కంటి రంగు, భుజాలు... ఎన్నిసార్లు చదవాలే?” అంది. ఈ ఫిర్యాదు ఆమెదొక్కదానిదే కాదు, ఈ నవలాకారిణి పాఠకుల్లో చాలామంది చేసేదే. మాలో పాతికేళ్ళు ప్రబంధాలు చెప్పిన తెలుగు మేడమ్ నవ్వేసింది. “నేను బతుకంతా కొప్పు నుంచి కాలిగోటి దాకా వర్ణనలే చెప్పానమ్మా. కథ ఎక్కడుందని ఒక్క పిల్లాడూ లేచి అడగలేదు” అంది. ఆ నవ్వులో చాలా ఉంది. చూసే కళ్ళు మగవైనప్పుడు అది కావ్యసంప్రదాయం. ఆడకళ్ళు మగదేహం మీద అంతసేపు ఆగితే శైలీదోషం. వర్ణన మళ్ళీమళ్ళీ రావడం లోపమే కావచ్చు. అయితే ఆ లోపానికి ఒకరికి పాస్ మార్కులూ ఇంకొకరికి సున్నా ఎందుకన్నది అడగాలి.

మన సాహిత్యంలో ఈ తగువు కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు దర్బారులో ముద్దుపళని రాధ కోరికని రాధవైపు నుంచి రాసింది. వీరేశలింగం గారు దాన్ని తప్పుపట్టారు. ఆడదై ఉండి ఇలా రాయడమా అన్నది ఆ అభిప్రాయం సారం. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ‘రాధికా సాంత్వనము’ని పరిష్కరించి అచ్చువేయిస్తే, మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగడానికి చాలా ఏళ్ళు పట్టింది. ముద్దుపళని కావ్యాన్నీ ఒక అమెరికన్ వ్యాపార నవలనీ ఒకే తూకంలో వెయ్యడం నా ఉద్దేశం కాదు. పాఠకుల తీర్పుల్లో పోలిక మాత్రం చూడండి. రెండుచోట్లా ఎలా రాసిందన్నదానికంటే, రాయొచ్చా అన్నదే ముందుకొస్తుంది.

హామిల్టన్‌కీ ఆ తీర్పుతో పేచీ ఉంది. అసంతృప్తులైన పాఠకుల్ని ఉద్దేశించి 2006లో ఆమె ఒక బహిరంగ లేఖ రాసింది. నచ్చకపోతే చదవడం మానేసి వేరే పుస్తకం చూసుకోండన్న ధోరణి అందులో ఉంది. ఆ లేఖ నాకు నచ్చలేదు. పాఠకురాలి అసంతృప్తి అంతా సంకోచం వల్ల పుట్టిందే కాదు. మా ఆదివారంనాటి గట్టి అభ్యంతరం ఆ కోవలోకి రాదు.

బ్యాంకులో పనిచేసే స్నేహితురాలు వరంగల్ వైపు మనిషి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, “రాజ్యం కావాల్నంటే కడుపు పండాలె. గింతేనా?” అంది.

అందరం ఊరుకున్నాం. పిల్లల కోసం ఆమె ఏడేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన సంగతి మాకు తెలుసు. ఇంజెక్షన్లు, స్కానింగులు, డాక్టరు రాసిచ్చిన తేదీల ప్రకారం కాపురం. “మంచం మీద ఆమె ఏం సుఖపడ్డదో నాకు తెల్వదు. ప్రతిసారీ, నెల తప్పుతదా లేదా అని లెక్క. ఆ లెక్క నాకు తెలుసు” అంది. నాలుగేళ్ళ దాకా పరీక్షలన్నీ ఆమెకే. ఆయన పరీక్ష చేయించుకోవాలన్న మాట ఎత్తితే అత్తగారింట్లో అన్నం మానేశారట.

ఆమె చెప్పాక నవలని నేను వేరేగా చూడటం మొదలుపెట్టాను. మంచం గురించి మేమంతా ఎక్కువా తక్కువా అని కొలుచుకుంటున్నాం. ఆ మంచానికి అనుమతి ఎక్కణ్ణించి వచ్చిందో ఆమె చూసింది. మెరీ కోరిక స్వేచ్ఛగా కనిపిస్తుంది. ఒకరు కాదు, పలువురు పురుషులు. సిగ్గు లేదు, పశ్చాత్తాపం లేదు. కానీ ఆ స్వేచ్ఛ వెనక రాణిగారి ఆజ్ఞ ఉంది, వంశం నిలబడాలన్న అక్కర ఉంది, ఓడిపోతే ప్రాణం పోతుందన్న భయం ఉంది. కోరికకి గర్భసంచి పూచీ పడింది. వంశోద్ధారం కోసమైతే ఎన్ని నియమాలైనా సడలుతాయని మనకి మహాభారతం చదివితే తెలియదా? అంబిక, అంబాలికలని ఎవరైనా అడిగారా?

అయినా ఈ నవలని కొట్టిపారెయ్యలేను. ఇందులో అడగడం ఉంది. పుస్తకం మొదట్లోనే ఒక పురుషుడి భార్యా, అతని ప్రియురాలూ కలిసి డిటెక్టివ్ ఏజెన్సీకి వస్తారు. అతను మంత్రంతో భార్యని చంపబోతున్నాడని అనుమానం. సవతులు జుట్లు పట్టుకోవాల్సిన చోట ఇద్దరూ పక్కపక్కన కూచుని సాయం అడుగుతారు. ఆ కేసు తవ్వితే బయటపడేది, ఒంట్లో కోరికని బలవంతంగా రగిలించే ఒక తైలం. దాన్ని పూసి మనిషిని వశం చేసుకుంటారు. కోరిక కలిగినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని నవల అక్కడే తేల్చేస్తుంది. తర్వాత వచ్చే శృంగార సన్నివేశాలని ఆ గీతకి ఇవతల నిలబడి చదవాలి.

మెరీ కథ 2014 దాకా తొమ్మిది పుస్తకాలుగా సాగింది. 2002లో వచ్చిన రెండో పుస్తకంలో హాలీవుడ్ నటిగా బతుకుతున్న ఒక ఫేరీ స్త్రీ ఉంటుంది. రెండో దర్బారు రాజు టారనిస్‌ని పెళ్ళాడనన్నందుకు ఆమెకి దేశబహిష్కారం. ఎందుకు కాదంది? పిల్లలు పుట్టనిది రాజుకే అని గ్రహించి, ఆ మాట అతని ముఖానే అంది కాబట్టి. ఆ రాజే తర్వాతి పుస్తకాల్లో మెరీ మీద అత్యాచారం చేసి, ఆమె కడుపులో బిడ్డలు తనవేనని హక్కు కోరతాడు. మెరీ గర్భవతి అయి పందెం గెలుస్తుంది. తీరా కిరీటం తలమీదికొచ్చాక, ప్రేమించినవాడి ప్రాణం కోసం దాన్ని వదులుకుంటుంది. కడుపు పండితే రాజ్యమన్న లెక్క ఆమె దగ్గర చెల్లలేదు. రచయిత్రి ఇదంతా నా స్నేహితురాలి ప్రశ్నకి జవాబుగా రాసిందనను. కోరికకి బిడ్డని పూచీ పెడితే, ఆ బిడ్డ పేరుతో ఎవరెవరు దేహం మీద హక్కు చెప్పుకోడానికి వస్తారో మాత్రం రాసింది.

నా అభిప్రాయం కూడా చెప్పాలి కదా. మా ఆయన పోయేనాటికి నాకు నలభై ఒకటి. భర్త పోయిన ఆడదానికి ఆకలుంటుంది, నిద్రుంటుంది, బి.పి. ఉంటుంది, కోరిక మాత్రం ఉండదని లోకం ఒక తీర్మానం చేసిపెట్టింది. నా విషయంలో ఏ వంశమూ ఆగిపోలేదు, ఏ సింహాసనమూ ఖాళీగా లేదు. కాబట్టి నా కోరికకి పూచీ పడేవాళ్ళెవరూ లేరు. ఈ నవల్లో నన్ను పట్టుకున్నది మంచం కాదు, చావులేని ఆ యోధులు. ఒకరి ఆజ్ఞతో ఒంటిని మరిచిపోవాల్సొచ్చినవాళ్ళని, మళ్ళీ ఒకరు ముట్టుకుంటే ఏడుస్తారు వాళ్ళు. మగవాళ్ళ చేత ఏడిపించింది గనక అది ఫాంటసీ. ఆ ఏడుపు నాకు ఊహ కాదు.

ఇలాంటి పుస్తకాల మీద మనం రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు, మోతాదు కొలవడం మానేస్తే బావుంటుంది. ఎవరు అడుగుతున్నారు? కాదనే వీలు ఎవరికుంది? ఈ సుఖానికి పూచీకత్తుగా ఎవరి దేహాన్ని రాయించుకున్నారు? ఈ ప్రశ్నలు వేస్తే చవకబారు నవలా, గొప్ప కావ్యమూ రెండూ నిలబడి జవాబు చెప్పాలి. “నాకు సుఖంగా అనిపించింది” అన్నది కూడా అభిప్రాయమే. దానికి జానపద విజ్ఞానం తోడు రానక్కర్లేదు.

బ్యాంకు స్నేహితురాలు మొదటి పుస్తకం సగంలోనే ఆపేసింది. టారనిస్ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, “ఆ సినిమా ఆమె, రాజు ముఖం మీదనే అన్నదా?” అని అడిగింది. అన్నదన్నాను. రెండో పుస్తకం ఇప్పుడు ఆమె దగ్గరుంది.